కెరటమును కర్మమును

కీడు మూడినపుడు దానికొక పేరు పెట్టి యూరకుండుట మనకు చిరకాలపు టలవాటు. పంట యెండిన గ్రహచార మందుము. బిడ్డ జ్వరమున బోయిన ఆయువు తీఱినదందుము. సముద్రము పొంగి యూళ్లను ముంచిన దైవకోప మందుము. ఈ మూడు మాటలకును పని యొక్కటియే. అడుగవలసిన ప్రశ్నను అడుగకుండ జేయుట. మొదటి రెంటిని గూర్చి మన సంస్కర్తలు చాలినంత వ్రాసిరి. మూడవదానిని గూర్చి యిచ్చట విచారింపదలచితిని. అలలును ప్రవాహములును ఏ నియమముల ననుసరించి నడచునో తెలిసిన పిదప గూడ, వానివలన గలుగు చేటును చచ్చినవారి పూర్వకర్మమని చెప్పుట న్యాయమగునా?

తొర్రూరివాడు సముద్రమునుగూర్చి వ్రాయుట యేమని కొందఱు నవ్వవచ్చును. మా యూరికి సముద్రము సుమారు 200 కిలోమీటర్ల దూరము. మా బడిపిల్లలలో దానిని కన్నులార జూచినవారు కొలదిమంది. అయినను మా చేలపై గురియు వాన సముద్రమునుండియే వచ్చును. వచ్చిన నీరు మరల నచ్చటికే పోవును. మా చుట్టుపట్ల వాగుల నీరు ఆకేటిలో గలియును. ఆకేరు మున్నేటిలోను, మున్నేరు కృష్ణలోను గలియును. కృష్ణ దివిసీమను రెండు పాయలతో జుట్టి సముద్రమున బడును. కావున నీ విచారము మాకు పరాయిది గాదు.

మొదట అల యనగా నేమో చూతము. సామాన్యముగా మనము నీరే నడచి వచ్చుచున్నదని తలతుము. అది సత్యము గాదనుటకు సముద్రమువఱకు పోనక్కఱలేదు. సద్దుల బతుకమ్మనాటి సాయంకాలమున మా చెఱువుగట్టుకడ నిలిచి చూడుడు. ఆడపడుచులు బతుకమ్మలను నీట విడిచి చేతులతో నీటిని త్రోయుదురు. అలలు వలయములుగా వ్యాపించును. పూలు పైకి లేచి, క్రిందికి దిగి, ఇంచుమించుగా నున్నచోటనే యూగుచుండును. అల మాత్రము వాని క్రిందుగా జొచ్చి చెఱువు నడిమికి పోవును. గాలి తోడ్పడిననే పువ్వు కదలిపోవును. నడచినది నీరు గాదు, నీటికి గలిగిన కదలిక. నీటి ప్రతి కణమును ఒక చిన్న చుట్టు తిరిగి మొదటిచోటికే వచ్చి, తాను పొందిన వేగమును ప్రక్కదాని కప్పగించును.

సముద్రమునను నియమ మిదియే. లోతు పెరిగినకొలది యీ చుట్టు చిన్నదగుచుండును. రెండు అలల శిఖరములకు నడుమగల దూరములో సగముపాటి లోతున కదలిక లేనట్లే యుండును. శిఖరముల నడుమ 100 మీటర్లున్న అలలు పైన లేచుచుండగా, 50 మీటర్ల లోతున నీరు నిద్రించుచుండును. అల యెంత పెద్దదగునన్నది మూడు సంగతులపై ఆధారపడును: గాలి యెంత బలముగా వీచెను, ఎంతసేపు వీచెను, ఎంత మేర నీటిపై అడ్డులేక వీచెను. అందుచేతనే మా చెఱువులో జానెడెత్తు లేచు అల సముద్రమున తాటిచెట్టంత లేచును. గాలి యాగిన పిదపను అల యాగదు. దక్షిణ మహాసముద్రమున ఏ నావికుడును లేనిచోట బుట్టిన యుప్పెన యలలు వేలకొలది కిలోమీటర్లు పయనించి, కొన్ని దినముల తరువాత మన దేశపు తీరమును దాకుచుండును. కేరళములో జాలరులు వానిని ‘కల్లక్కడల్’ అందురు. దొంగ సముద్రమని యర్థము. తీరమున గాలి లేదు, మబ్బు లేదు. సముద్రము దొంగవలె లోపల జొచ్చును. కారణము కంటికి గనబడనంత దూరమున నుండుటచేత కారణము లేదనుకొనుట యెంత పొరపాటో ఈ పేరే చెప్పుచున్నది.

తీరము సమీపించినపుడు అడుగు మెరక యగును. అప్పుడు అల నడక మందగించును, పొడవు తగ్గును, ఎత్తు పెరుగును. కడకు శిఖరము తన క్రింది నీటికంటె ముందునకు దూకి విఱిగి పడును. ఇచ్చటనే నీరు నిజముగా ముందునకు వచ్చును. వచ్చిన నీరు మరలి పోవలెను గదా. ఒక్కొక్కచోట నది యిసుకదిబ్బల నడిమి యిఱుకుదారిని బట్టి ఏఱువలె లోనికి పరుగెత్తును. అలలు విఱుగకుండుటచేత ఆ తావు ప్రక్కలకంటె ప్రశాంతముగా గనబడును. విశాఖపట్టణపు తీరమున స్నానమునకు దిగి మరలిరాని యువకులలో ననేకు లిట్టిదారిని జిక్కినవారే. సముద్రము మనిషిని కోరుచున్నదని యొడ్డున నిలిచినవా రందురు. సముద్రము దేనిని కోరదు. ఆ యేటి కెదురీదక, తీరమునకు సమానముగా ప్రక్కకు ఈదిన, కొలదిదూరములోనే దానినుండి బయటపడవచ్చును. ఈ యొక్క వాక్యము తెలియక ఎంతమంది తల్లులు కడుపుకోతకు గుఱియైరో తలచిన గుండె చెఱువగును.

ఇచ్చట మన వేదాంతులు ఒక మాట చెప్పుదురు. అల వేఱు, నీరు వేఱు గాదు. అల లేచినను పడినను నీరు నీరే. అట్లే జీవులు పుట్టినను గిట్టినను బ్రహ్మము బ్రహ్మమే. కావున నేడ్వనేల యని. దృష్టాంతము గొప్పది, సందేహము లేదు. కాని దాని నుపయోగించు రీతిని చూడవలెను. శంకరాచార్యులవారు బ్రహ్మసూత్ర భాష్యమున, రెండవ యధ్యాయములో, సముద్రమునందలి నురుగును, అలను, బుడగను ప్రస్తావించుట యెందులకు? అవి నీటికంటె వేఱుగాకున్నను ఒకదానికొకటి వేఱుగానే లోకమున గనబడుచున్నవి. అట్లే భోక్త, భోగ్యము అను భేదము వ్యవహారమున నిలిచియే యుండునని చెప్పుటకు. అనగా నాచార్యులవారు లోకమునందలి భేదమును తుడిచివేయుటకు గాక నిలువబెట్టుటకే యా దృష్టాంతమును దెచ్చిరి. దానినే మనము ఆకలిగొన్నవాని యెదుట, ఇల్లు కొట్టుకొనిపోయినవాని యెదుట చదివి చేతులు దులుపుకొనుచున్నాము. పరమార్థమున అల లేకపోవచ్చును. వ్యవహారమున అది గోడను గూల్చుచున్నది. గోడ వ్యవహారమున నున్నంతకాలము దానిని గట్టు విధియు వ్యవహారముననే యున్నది.

అలను విడిచి ప్రవాహమునకు వత్తము. అల నీటిని మోయదు; ప్రవాహము మోయును. సముద్రగర్భమున నదులవంటివి కలవు. వానిని నడపువి గాలియు, నీటి వేడిమియందును ఉప్పునందును గల తారతమ్యమును. భూమి తిరుగుచుండుటచేత ఉత్తరార్ధగోళమున నవి తమ కుడిప్రక్కకు మొగ్గుచుండును. మన బంగాళాఖాతమున నొక విశేషము గలదు. లోకమునందలి పెక్కు ప్రవాహములు ఏడాది పొడవునను ఒకేదిక్కునకు బోవుచుండగా, మన తీరము వెంబడి బోవు ప్రవాహము ఋతువునుబట్టి దిక్కు మార్చును. ఫిబ్రవరి మొదలు మే వఱకు నది యీశాన్యముగా, అనగా మచిలీపట్టణమునుండి విశాఖపట్టణము వైపునకు బోవును. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు అదే త్రోవను దక్షిణమునకు మరలును. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణలు పోసిన మంచినీరు పైపొరగా నిలిచి, క్రింది చల్లని నీటితో సులభముగా గలియనీయదు. అందుచే పైనీరు వేడిగా నుండును. ఆ వేడిమియే తుపానులకు ఆహారము.

వేసవిలో విశాఖపట్టణపు తీరమున గాలి పైనీటిని తీరమునుండి దూరముగా ద్రోయును. లోపలి చల్లని నీరు పైకి వచ్చును. దానితో పోషక లవణములు వచ్చును. వానివలన చేపలకు మేత పెరుగును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున 1950ల దశకములో లాఫాండ్ అను అమెరికా పండితుడు మన విద్యార్థులను వెంటనిడుకొని యీ సంగతులను పరిశోధించెను. మనకు ముందే జాలరులు వానిని తమ వలలవలన నెఱిగియుండిరి. వారి యెఱుకను మనము విద్యయని యెన్నడును బిలువలేదు. అది వేఱు దోషము.

ఇక ప్రధానప్రశ్నకు వత్తము. 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరులో మచిలీపట్టణమును తుపానులు ముంచినవి. మచిలీపట్టణము, దాని పరిసరములందు సుమారు 30,000 మంది మడిసిరి. ఆనాటికి మన దేశమున వాతావరణశాఖయే లేదు. అది 1875లో నేర్పడెను. అప్పటివారు దైవకోపమనిరి. వారిని నేను నిందింపను. ఎఱుగని దానికి పేరు పెట్టినారు, అంతియే.

1977 నవంబరు 19వ తేదీన తుపాను చీరాలకడ తీరమును దాటెను. చచ్చినవారు సుమారు 10,000 మంది యని ప్రభుత్వపు లెక్క. అంతకంటె చాల ఎక్కువయని పలువురి మాట. చేటు మాత్రము చీరాలలోకంటె దివిసీమలో మిక్కుటమాయెను. ఎందుకు? దివిసీమవారు చీరాలవారికంటె పాపులా? కాదు. మనవైపు తుపానుగాలి గడియారపు ముల్లునకు వ్యతిరేకముగా దిరుగును. కావున తుపాను నడచు దారికి కుడిప్రక్కనున్న తీరముపైకి సముద్రపు నీటిని ద్రోయును; ఎడమప్రక్కనున్న తీరమునుండి నీటిని వెనుకకు లాగును. చీరాలకు దివిసీమ కుడిప్రక్క. వాయుపీడనము ఒక మిల్లిబారు తగ్గిన సముద్రమట్టము సుమారొక సెంటీమీటరు లేచును. దీనివలన అరమీటరో, కొంచె మెక్కువయో మాత్రమే పొంగు. తక్కినదంతయు లోతులేని తీరముపై గాలి పోగుచేసిన నీరు. ఈ రెండును గలిసి సుమారు 5 మీటర్ల యుప్పెనగా లేచి, సొర్లగొంది మొదలగు పల్లెలను నేలమట్టము చేసెను. పుణ్యపాపముల పట్టికను దిరుగవేయక, దిక్సూచిని జూచియే ఏ తీరము మునుగునో చెప్పవచ్చును.

1990 మే నెలలో, ఇంచుమించుగా నంతే బలముగల తుపాను కృష్ణాముఖద్వారము దరిని మరల వచ్చెను. ఈ మాఱు లక్షలకొలది జనమును ముందే సురక్షిత స్థలములకు దరలించిరి. మరణములు వేయికి లోపుగా నిలిచినవి. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్టణముపై బడిన హుద్‌హుద్ తుపానులో నవి పదుల సంఖ్యకు దిగినవి. సముద్రము మాఱలేదు, గాలి మాఱలేదు, మనుజుల జాతకములు పదుమూడేండ్లలో మాఱినవని యే జ్యోతిష్కుడును చెప్పజాలడు. మాఱినవి రాడారులు, ఉపగ్రహములు, ఊరూర గట్టిన తుపాను రక్షణగృహములు, వేళకు వచ్చిన బస్సులు. పది యేండ్ల క్రిందట కర్మమని చెప్పిన దానిలో పదింట తొమ్మిదిపాళ్లు బస్సులు రాకపోవుటయేయని తేలినపుడు, మిగిలిన పాలును గూర్చియైనను మనము తొందరపడి తీర్పు చెప్పరాదు.

ఇంకొక సంగతి. 1977లో మడిసిన వారెవరు? ఎక్కువగా పూరిగుడిసెలలోని కూలివారు, జాలరులు, యానాదులు. మిద్దెయు మెరకయు గలవా రధికముగా బ్రదికిరి. నీటికి కులము లేదు, నిజమే. కాని పల్లపునేలయెవరిది, మెరకనేలయెవరిది యనుదానిని మనమే తరతరములుగా పంచియుంచితిమి. అల వచ్చి యా పంపకమును మరల చదివి వినిపించెను. దానిని విని, వారి పూర్వజన్మ మట్టిదని చెప్పువాడు తన తాత వ్రాసిన దస్తావేజును దేవునిచే సంతకము చేయించుచున్నాడు.

కర్మమను మాటను నేను త్రోసివేయుమనుట లేదు. కర్మమనగా చేత, చేతకు ఫలముండునని యర్థము. ఇంతవఱకు నది శాస్త్రమునకు విరుద్ధము గాదు. శాస్త్రమునకు మూలమే యది. మన తప్పు కర్తను మార్చుటలో నున్నది. చచ్చిన పసిబిడ్డ యెన్నడో యెక్కడనో చేసిన దానిని వెదకుదుము. బ్రదికియున్న మనము నిన్న చేయక విడిచిన దానిని వెదకము. మొదటిది యెవ్వరును చూడలేనిది, దిద్దలేనిది. రెండవది చూడదగినది, దిద్దదగినది. దిద్దదగిన దానిని విడిచి దిద్దరాని దానిని బట్టుకొనుట వేదాంతము గాదు, సోమరితనము.

“ఇంత తెలిసియు తుపాను నాపగలిగితిరా?” యని కొందఱడుగుదురు. లేదు. ఆపగలమని యెవ్వరును చెప్పరాదు. మానవుని చేతిలో లేనిది యెప్పుడును కొంత యుండును. దానియెడ వినయము కావలెను. అయినను చేతిలోనున్న దానికిని, లేని దానికిని నడిమి గట్టు ఒకచోట నిలిచియుండదు. ఎఱుక పెరిగినకొలది యది జరుగును. 1864లో హెచ్చరింపకపోవుట అజ్ఞానము. నేడు హెచ్చరింపకపోవుట అపరాధము. విద్య మనిషికి సౌకర్యమును మాత్రమే తెచ్చునని తలచువారికి నేను చెప్పునది యిది: విద్య ఋణమును దెచ్చును. తెలియనివానికి లేని బాధ్యత తెలిసినవానికి గలదు.

2004 డిసెంబరు 26వ తేదీ దీనికి సాక్ష్యము. సుమత్రాదరిని సముద్రపు టడుగు కదలి సునామీ పుట్టినది. ఇది గాలి యల గాదు. పైనుండి అడుగువఱకు గల నీరంతయు కదలును. ఇట్టి యల వేగము లోతుపై నాధారపడును. 4,000 మీటర్ల లోతున గంటకు సుమారు 700 కిలోమీటర్లు. 10 మీటర్ల లోతున సుమారు 36 కిలోమీటర్లు. నడిసముద్రమున దాని యెత్తు మీటరైనను లేకపోవుటచే నావికు లెఱుగరు. తీరమున వేగము తగ్గి యెత్తు పెరుగును. మన తూర్పుతీరమును జేరుటకు దానికి సుమారు రెండున్నర గంటలు పట్టెను. పసిఫిక్ మహాసముద్రమునకు 1949 నుండియే హెచ్చరిక కేంద్రము గలదు. హిందూ మహాసముద్రమునకు లేకుండెను. శాస్త్రము తెలియక కాదు, ఏర్పాటు లేక ఆ రెండున్నర గంటలును వ్యర్థమైనవి. లోకమున మొత్తము 2,20,000 మందికి పైగా మడిసిరి. ఆ పిదపనే, హైదరాబాదునందలి భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రమున 2007లో సునామీ హెచ్చరిక విభాగ మేర్పడెను. 1999లో నెలకొన్న యా కేంద్రము అలల యెత్తును, ప్రవాహముల నడకను, చేపలు దొరకు తావులను జాలరులకు దెలుపుచున్నది. తీరమునకు వందల కిలోమీటర్ల దూరముననున్న నగరము సముద్రమునకు కాపరి యగుట నాకు సంతోషకరమైన విషయము.

అది క్రొత్తయు గాదు. మా ప్రాంతము నేలిన కాకతీయ గణపతిదేవుడు ఓరుగంటిలో నుండి, 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవున నొక అభయశాసనము వేయించెను. మోటుపల్లి చీరాల చేరువనే యున్నది. పూర్వపురాజులు తుపానుచే పగిలి యొడ్డున బడిన యోడల సరకునంతయు బలాత్కారముగా గొనుచుండిరి. అల తెచ్చినది దైవ మిచ్చినదని వారి న్యాయము కాబోలు. గణపతిదేవుడు, ప్రాణాపాయమునకు తెగించి వచ్చు వర్తకులపై దయతో, నియమిత సుంకము తప్ప తక్కినదంతయు వారికే విడుచుచున్నామని ప్రకటించెను. సముద్రమును ఆయన శాసింపలేదు; శాసింపబోలేదు. సముద్రము చేసిన దానికి, మనుజుడు దానిపై చేయు దానికి నడుమ గీత గీచెను. ఒకని దురదృష్టము ఇంకొకని హక్కు గాదనెను. ధర్మ మనగా నిదియే.

నేడు మన గీత ఎక్కడ గీయవలెను? తీరమున మడయడవులు అలల బలమును విఱుచును. కృష్ణా గోదావరీ ముఖములందు వానిని గొంతమేర నఱికి చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు త్రవ్వితిమి. నదులు తెచ్చు ఒండ్రు జలాశయములలో నిలిచిపోవుటచే డెల్టాకు మేత తగ్గినది. భూమి వేడెక్కి సముద్రమట్టము పెరుగుచున్నది. కాకినాడదరి ఉప్పాడలో ఇండ్లును దారులును సముద్రమున బడుచున్నవి. వీనిలో నేదియు ఉప్పాడ జాలరి యొక్కడు చేసినది గాదు. జలాశయపు నీటితో బండిన బియ్యమును మనమును తినుచున్నాము. కర్మము మనది, ఫలము వారిది. ఇట్టిచోట విధి యను మాట నాలుకపైకి వచ్చునపుడు కొంచెము సిగ్గుపడుట మంచిది.

గృహస్థులు చేయదగిన పని చిన్నది. పిల్లలు, అల యెందుకు వచ్చునని యడిగిన, సముద్రుడు కోపించెనని చెప్పకుడు. ఒక పళ్లెమున నీరు పోసి, ఆకు వేసి, అంచున వ్రేలు పెట్టి కదిలించి చూపుడు. ఆకు నిలిచి, అల పోవుటను వారే కనుగొందురు. ఉప్పెనలో నిల్లు పోయినవాని పేరు పత్రికలో జూచినపుడు, వాని కర్మమని పుట త్రిప్పకుడు. హెచ్చరిక వచ్చెనా, పోవుటకు మెరక యుండెనా, బండి వచ్చెనా యని యడుగుడు. అడుగు వారు పెక్కండ్రైనకొలది, సమాధానము చెప్పవలసినవారు మేల్కొందురు. వాగులో మనము పారవేయు చెత్తయు హంసలదీవి చేరుననునది మఱవకుడు. మా చెఱువుకట్టకు లోవైపున ఱాళ్లు పేర్చిన పెద్దలు అలను దూషింపలేదు, పూజించియు నూరకుండలేదు. ఎంతయెత్తు లేచునో చూచి, అంతవఱకు ఱాయి వేసిరి. మనకు వారికంటె నెక్కువ తెలియును. కావున మనము వేయవలసిన ఱాళ్లును ఎక్కువయే.